ఆరున్నొకటి

టెక్కలి టూరింగ్ టాకీసులో నేను ఆపరేటర్ని.
ఆ బొంబాయి బొమ్మ పడిన శుక్రవారం
తెర మీద సంగీతం దగ్గర ‘దయాల్’ అని రాగానే
మిషను ఆపేశాను.
అది మా దాలయ్య. కొంచాడ దాలయ్య.
నౌపడ ఉప్పు కొఠార్లలో నాతోపాటు కాళ్ళు పుళ్ళు చేసుకున్నవాడు.
కేబిన్ కన్నంలోంచి అరిచాను కూడా, మనోడే అని.

ఆపితే ఏమవుతుందో ఆపరేటరుకి తెలియదా?
తెలుసు.
పేరు నడుమ గోధుమరంగు బొబ్బ లేచింది,
ఉబ్బి, నల్లబడి, తెల్లగా చిరిగింది.
నేల టిక్కెట్టు ఈలలేసింది.
కాలిన ముక్క కత్తిరించి, జిగురు పూసి అతికించాను.
ఆ ప్రింటు తర్వాత పలాస వెళ్ళింది, సోంపేట వెళ్ళింది,
ఇచ్ఛాపురం దాటిపోయింది.
జిల్లా అంతా ఆ పాటకి తండ్రి లేకుండా చేసింది నేనే.

పాటంటారు గానీ
మాకది తవిటమ్మ ఉప్పు కొలత.
గంప ఎత్తి బస్తాలో దిమ్మరిస్తూ
లాభం అని మొదలెట్టేది. ఒకటి అనకూడదు.
లాభమూ లాభం, రెండూ రెండు, మూడూ మూడు,
బరువుకి గొంతు వంగేది,
గంప ఖాళీ అయ్యాక లేచేది.
ఏడు దగ్గర ఏడు అనేది కాదు,
కొలత దగ్గర ఏడుపు మాట ఎందుకని.
ఆరున్నొకటీ... అని సాగదీసి
ఆ సాగదీతలో నడుం నిలబెట్టుకునేది.
పక్కన కూర్చుని గంపకో చింతగింజ వెయ్యడం దాలయ్య పని.
గింజ తప్పేవాడు, గొంతు తప్పేవాడు కాదు.

పర్లాకిమిడి నాటకాలవాళ్ళ దగ్గర హార్మోనియం తొక్కడం నేర్చి
ఓ రాత్రి మెయిలెక్కాడు, అదీ తప్పు దిక్కుకి.
కలకత్తా మీదుగా బొంబాయి చేరాడు.
పన్నెండేళ్ళు ఎవరెవరి వెనకో కూర్చుని
వాళ్ళ పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీలు నింపాడట.
ఖాళీలకి పేరు పడదు.
తర్వాత సొంతంగా తొమ్మిది సినిమాలు.
నిలబడింది ఆ ఒక్క పాటే.

తవిటమ్మని బెంచీ టిక్కెట్టుకి తీసుకెళ్ళాను.
పడవలో పట్టుచీర పిల్ల, వెనక నలభై వయొలిన్లు.
ఆమె తెర చూడలేదు, వేళ్ళు మడుస్తూ కూర్చుంది.
బయటికొచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని,
‘బాగుందిరా. మరి ఆరున్నొకటి ఏదిరా?
ఆరు మీద్నుంచి ఎనిమిదికి ఎగిరిపోనాడు.
ఎవుడి గంప మింగీసినాడో, కనుక్కో’ అంది.

కనుక్కోడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది.
అప్పటికి తవిటమ్మ లేదు.
ఒక పెట్టెలోనే డప్పులూ సన్నాయిలూ పుట్టేస్తుంటే
మనుషులతో పనేముందని, రెక్సిన్ సంచీతో దిగాడు దాలయ్య.
నోట్లో సగం హిందీ, కాళ్ళకి నీరు.
‘ఇది ఏ రాగమని అందరూ అడిగేవారు.
పహాడీ అని వాళ్ళే పెట్టుకున్నారు. నేను ఊరుకున్నాను.’
‘ఆరున్నొక్క రాగం అనాల్సింది’ అన్నాను.
దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం.
అప్పుడు చెప్పాను, తవిటమ్మ ఏమడిగిందో.

చాలాసేపటికి అన్నాడు:
‘హీరోయిన్ అడుగులు ఆరే. కొయ్యమన్నారు.’
నేను లోపలికెళ్ళి జర్దా డబ్బీ తెచ్చాను.
కాలిన ముక్కని ఎండకి పెట్టి చూశాడు.
ద ఉంది, ల్ ఉంది,
నడుమ కన్నంలోంచి మా చూరు కనబడుతోంది.
‘అయితే నువ్వూ కోసీసినావన్నమాట’ అన్నాడు,
వచ్చాక మొదటిసారి మా యాసలో.

మర్నాడు సంతలో ఉలవలు కొంటున్నాం.
కొలిచే మనిషి చకచకా ఆరు, ఏడు అనబోతుంటే
దాలయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.
ఆరున్నొకటీ...
వెనక నలుగురు సంచులతో నిలబడ్డారు.
ఆమె నిండు సోల గాల్లో పట్టుకుని
అదెప్పుడవుతుందా అని
వాడి నోటికేసి చూస్తోంది.