కరెంటు రాని చోటు

తెడ్డు పరదేశి గుండె
మూడు వారాలుగా నా తెర మీద తిరుగుతోంది.
మనిషిని ఇంకా చూడలేదు.

ఎమ్మారై ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి
సన్నకన్ను వలలా అల్లాను.
నాలుగు లక్షల ముడులు.
ఒక్క కొట్టు లెక్కగట్టడానికి
కంప్యూటర్‌కి పదకొండు గంటలు.
ఆ పదకొండు గంటల్లో
ఫిషింగ్ హార్బర్ వెనక వీధిలో
అసలుది యాభై వేల సార్లు కొట్టుకుంది,
ఏ లెక్కా లేకుండా.

ఎడమ గోడకి వెనకపాటున
రూపాయి బిళ్లంత బూడిద రంగు.
దాన్లోంచి కరెంటు పారదు.
ఫైల్లో 'మచ్చ' అని రాశాను.
తేదీ గడి ఖాళీ.

ఒక మంగళవారం ఆయనే వచ్చాడు,
కేజీహెచ్ డౌనెక్కి,
మాట కంటే ముందు ఆయాసం.
ముప్పయ్యేళ్లు బోటింజన్లు విప్పిన చేతులు.
తెర మీద వేలు పెట్టి "ఇదేటి?" అన్నాడు.
చెప్పాను.

"హుద్‌హుద్ ముందు రేత్రమ్మా.
బోట్లు కట్టీసి కట్టీసి ఛాతీ పట్టీసినాది.
గేసనుకున్నాను.
సోడా తాగీసి తొంగున్నాను."

ఊరికి రోజుల తర్వాతైనా కరెంటొచ్చింది.
ఇక్కడికి రాలేదు.
గడిలో తేదీ రాసుకున్నాను.

మామూలుగా పేస్‌మేకర్ తీగ ఆనించే చోటు
సరిగ్గా ఆ చీకట్లోనే పడుతుంది.
అందుకే జరిపి జరిపి చూశాను,
పైకి, కిందికి, పక్క సిరలోకి.
పదిహేడు సార్లు ఆయన గుండె
ఆయనకి తెలియకుండా
నా ముందు తడబడింది.
కుడి గోడ ముడుచుకుని, విప్పుకుని,
ఇక చాలనుకున్నాక
ఎడమ గోడ బద్ధకంగా లేచేది.
పద్దెనిమిదో చోట
రెండూ ఒక్క ఊపున కదిలాయి.

"టైమింగు తప్పిపోనాది. అంతే కదేటి?"
అంతే.
నా నాలుగేళ్ల పరిశోధన ఆ రెండు మాటలే.

"సరే, సౌండు పెట్టు."
సౌండు లేదన్నాను.
పీడనం ఉంది, వేగం ఉంది, కండ సాగుడు ఉంది,
చప్పుడు లెక్కగట్టలేదు.
జాలిగా చూశాడు నన్ను.
"సౌండు నేకపోతే ఎలగ తెలుస్తాదమ్మా?"
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి, పిడి చెవికి
ఎలా ఆనించాలో
ఉత్త చేత్తో చూపించాడు.

తీగ పెట్టించుకున్న రెండు నెలలకి
మళ్లీ డౌనెక్కి వచ్చాడు.
"ఒక్కసారే ఆగేను" అన్నాడు.
నా మోడల్ ముప్పై నాలుగు శాతం అంది,
ఎకో ముప్పై ఒకటి.
ఆ మూడూ ఎక్కడ కారిపోయాయో
ఇంకా వెతుకుతున్నాను.

రాత్రి ల్యాబులో ఏసీ ఆపేశాక
గుండె ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది.
దూరంగా ఏదో బోటు హార్బర్ దాటుతోంది,
నాలుగో సిలిండర్ అందుకోవడం లేదు.
ఇప్పుడిప్పుడే నాకూ వినబడుతోంది.