మూడో తలుపు

మళ్లీ అదే మాట.
"కాగితం ఇరుక్కుంది. మూడో తలుపు తెరవండి."
తెరిచాను. లేదు.
మూశాను. ఉందంటుంది.

వాల్దీవియాలో జూలై నెల.
పదకొండు రోజులుగా వాన గుక్క తిప్పుకోవడం లేదు.
జనన మరణాల నమోదు ఆఫీసులో
కట్టెల పొయ్యి, తడి గొడుగుల బకెట్టు, నేను,
గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డ ఈ జిరాక్సు మిషను.
వెలక్కాయ మాత్రం ఎంత వెతికినా కనబడదు.

చేయాల్సినవన్నీ చేశాను.
ట్రే లాగి, కాగితాల కట్టను విసనకర్రలా విప్పి,
బల్లకేసి నాలుగు వైపులా తట్టి పెట్టాను.
చెమ్మకు అంచులు అప్పడాల్లా ముడుచుకుంటున్నాయని
కొత్త కట్టను పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెట్టాను,
చంటిపిల్లకి చలి కాచినట్టు.
రబ్బరు రోలర్లు తుడిచాను.
ఆకుపచ్చ పిడి తిప్పాను, నీలం పిడి నొక్కాను,
వేడి రోలరు తగిలి మణికట్టు చురుక్కుమంది.
స్విచ్చి ఆపి పది లెక్కపెట్టి వేశాను,
ఇరవై లెక్కపెట్టి వేశాను,
కోపంలో లెక్క మరిచిపోయి వేశాను.
ఉందంటుంది.

కౌంటరు అవతల సెగుందో కత్రిలెయో,
టోపీ అంచు నుంచి నా ఫైళ్ల మీదికి చుక్కలు.
పడవ లైసెన్సుకి ఆయన జనన పత్రం కావాలి, రెండు కాపీలు.
"పుట్టానని నేనే వచ్చి చెబుతున్నాగా?"
చాలదండీ.
ఆయన నవ్వాడు, పై పళ్లు రెండు లేవు.
నది ఒడ్డున చేపల బజారులో
సముద్ర సింహాలు అరుస్తున్నాయి,
వాటికెవరూ కాపీలు అడగరు.

నాలుగింటికి ఓయార్సో వచ్చాడు.
చిలోయె ద్వీపం మనిషి, మాట పొదుపు.
నుదుటికి దీపం కట్టుకుని
మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుని
తల మొత్తం మూడో తలుపులో పెట్టాడు.
"కాగితం లేదు" అంది లోపల్నుంచి గొంతు.
"నాకూ తెలుసు."
"మిషనుకి తెలీదు."

చూపించాడు.
గోరంత నల్ల ప్లాస్టిక్ రెక్క.
కాగితం వచ్చినప్పుడు వంగాలి,
పోయాక లేవాలి. దాని ఉద్యోగం అంతే.
లేపే స్ప్రింగు, వెంట్రుక కన్నా కాస్త లావు,
కొక్కెం నుంచి జారిపోయింది.
రెక్క వంగే ఉంది,
ఎప్పుడో వెళ్లిపోయిన కాగితానికి
ఇంకా దారి ఇస్తూ.

అప్పుడే మోగింది ఎలెయుతేరియో బల్ల మీది ఫోను.
ఆయన రిటైరై మొన్న మార్చికి రెండేళ్లు.
ఆ నంబరు తీసేయమని మూడు అర్జీలు పెట్టాను,
మూడింటికీ కాపీలు ఈ మిషనులోనే తీశాను.
"ఆయన లేరండి."
"ఎప్పుడొస్తాడు?" అంది ఒక ముసలావిడ.
"రేపు చేయండి" అన్నాను, ఎందుకో.

ఓయార్సో నా కనుబొమల పట్టకారు అడిగాడు.
స్ప్రింగు ఒకసారి ఎగిరి నేల మీద పడింది,
ముగ్గురం నాలుగు కాళ్ల మీద వెతికాం,
కత్రిలెయోకే దొరికింది.
చేపల గాలాలు కట్టే వేళ్లు కదా,
కొక్కేనికి తగిలించింది కూడా ఆయనే.
ఓయార్సో రసీదులో మాత్రం తన పేరే రాసుకున్నాడు.

మొదటి కాపీ వచ్చింది, వెచ్చగా.
కత్రిలెయో దాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు,
లైసెన్సు కోసమో, చలికో.

రెండోది సగం దాకా వచ్చి
కర్రుమని ఆగింది.
"కాగితం ఇరుక్కుంది. మూడో తలుపు తెరవండి."

ఓయార్సో అప్పటికే మెట్లు దిగిపోయాడు.
తెరిచాను.
ఉంది.
కుచ్చిళ్లు పోసుకుని, మసి పూసుకుని,
సెగుందో అన్న పేరు మూడు మడతల్లో విరిగి,
నిజంగా ఉంది.

"దొరికింది!" అని అరిచాను,
క్యూలో ఉన్న వాళ్లందరికీ వినబడేలా.
ఎవరో చప్పట్లు కొట్టారు.