పిండీకు

కోటు మెడ లోపల, చెమట అట్టకట్టిన చోట,
రెండు దారప్పోగుల మీద వేలాడే చీటీ:
నీటిలో ముంచరాదు. డ్రైక్లీనింగ్ మాత్రమే.
కింద ఒక తొట్టి బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత.
చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యే ఉత్తర్వు.

ఏడు రోడ్ల కూడలిలో అడిగాను.
రెండువందల ఎనభై. నాలుగు రోజులు.
ఇవాళ శనివారం రాత్రి.
సోమవారం కొర్లయ్య గట్టు తగాదా పిలుస్తారు.
ఉన్నది ఒక్కటే కోటు. అదీ నాకు కుట్టింది కాదు,
ప్రాక్టీసు మానేసిన కాంతరత్నం గారు
"భుజాలు కాస్త సర్దించుకోమ్మా" అని ఇచ్చింది.
సర్దించలేదు. ఎదుగుతాననుకున్నాను.

కింది వాటా దాలమ్మ మెట్లెక్కి వచ్చింది.
పొందూరులో ముప్పై ఏళ్లు
వాలుగ చేప దవడతో పత్తి ఏకిన చేతులు.
కోటు కంటే ముందు చీటీని తడిమింది.
"ఏటి రాసాడు?"
నీళ్లు తగలకూడదట.
"గుడ్డకి నీలంటే బయ్యమేటి? బయ్యం నీకు.
సరుపెయ్యకు గుంటా, కుంకుడుకాయలు నానెట్టు.
సన్నీలే. బాదకు. రుద్దకు.
పిండీకు మాత్రం.
పిండితే బుజాలు సచ్చిపోతాయి."

నీలం ప్లాస్టిక్ టబ్బు. పల్చని నురగ.
కోటు మునగడానికి ఒప్పుకోలేదు.
చేతులు రెండూ పైకెత్తి తేలింది
బోనెక్కగానే మాట మర్చిపోయిన సాక్షిలా.
అరచేత్తో నొక్కాను. బుడగలు.
తర్వాత నలుపు.

ఎంత నలుపో చెప్తే నమ్మరు.
మొదటి నీళ్లు కోర్టు క్యాంటీన్ డికాషన్.
రెండో నీళ్లు తారు రోడ్డు మీద తొలకరి.
మూడో నీళ్లు కూడా తెల్లబడలేదు.
కోటుదా, వరండా బల్లదా,
ఆమదాలవలస బస్సు కడ్డీదా,
స్టాంపు ప్యాడుదా, నాదా,
ఎవరి వాటా ఎంతో కొలిచి చెప్పడానికి
ఈ టబ్బుకి కమిషనర్ని వేయరు.

లోపలి జేబు వెతక్కుండానే ముంచేశాను.
అందులో కాగితమొకటి అటుకుల్లా విడిపోయి
వేళ్లకి అంటుకుంది. ఒక ముక్క మీద
వాయిదా చెరిగి 'దా' మిగిలింది.
ఎవర్ని పిలుస్తోందో.

తువ్వాలులో చాపలా చుట్టాం.
దాలమ్మ దాని మీద కూచుని
నిప్పు నోట్లోకి పెట్టి అడ్డచుట్ట కాల్చింది.
"బరువుకి దిగుతాది నీరు. తొందర పెడితే దిగదు."
లాయరు కోటు మీద కూర్చోడం తనకి అదే మొదలని
నవ్వితే పొగ ముక్కులోంచి వచ్చింది.

ఆదివారమంతా ముసురు.
ఫ్యాను కింద కుర్చీకి తొడిగితే
ఎవరో వచ్చి వెనక్కి తిరిగి కూచున్నట్టు గదంతా ఇరుకు.
ఎడమ భుజంలో అట్ట ఉబ్బింది, జారింది.
పిండలేదు దాలమ్మా, ఒట్టు.
ఒక్కసారి, కొద్దిగా, చేతి అంచు దగ్గర.

సోమవారం పిలుపొచ్చింది. లేచాను.
కుడి భుజం నాతో లేచింది,
ఎడమది కాస్త ఆలోచించి లేచింది.
అవతలి పక్షం గడువు అడిగింది.
వచ్చే నెల పదిహేడు.

వరండాలో కొర్లయ్య దగ్గరికొచ్చి ఆగాడు.
"వకీలమ్మా, తలంటు వాసనేస్తంది.
ఇన్నాల్లూ నీ పక్కన నిలబడితే
బీరువా తెరిసినట్టుండీది."
బనీను లోపలి సంచీ విప్పి
ఫీజు మూడువందలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు.
నోట్లు మెత్తగా, తడిగా, మడతల దగ్గర చిరగబోతూ.

పిండీకు.

రెండువందలు తిరిగిచ్చేశాను.
వంద ఉంచుకున్నాను; ఒకటో తారీఖు దాలమ్మ కూడా అద్దె అడుగుతుంది.
అతను గార బస్సు కోసం పరిగెత్తాడు.
నేను నోటు జేబులో పెట్టుకోబోతే
అస్తరు ఇంకా చల్లగా ఉంది.