ఎవులు సూసినారు?

పొద్దున నాలుగున్నరకి
పాలపేకెట్టు కన్నా ముందే వచ్చేస్తుంది లోకం.
దుప్పటి లోపల చిన్న వెలుగు.
"నీళ్ళలో మునిగినదాన్లా ఉన్నావే"
అన్నాడు మా ఆయన ఒకసారి, కళ్ళు సగం తెరిచి,
మళ్ళీ నిద్రపోయాడు.

ఎక్కడో ఆసుపత్రి మీద బాంబు.
ఎక్కడో వాగు దాటబోయిన బస్సు.
ఎవరినో స్తంభానికి కట్టి కొట్టారు,
కొట్టినవాళ్ళే వీడియో తీశారు.
ఇరవై రెండేళ్ళు తెలుగు వాచకం తిప్పిన వేలు
ఇప్పుడు శవాల్ని కూడా అలాగే తిప్పుతోంది
పైకి, పైకి.

కథలు రాసేదాన్ని, తెలియదంటే నామోషీ.
పాఠాలు చెప్పేదాన్ని, తెలియదంటే తప్పు.
ఇది నాకు నేను చెప్పుకునే మాట.
మూడు నెలలుగా నా కథలో ముసలమ్మ
పూర్ణా మార్కెట్లో చింతపండు బేరమాడుతూ
అలాగే నిలబడిపోయింది.
చేతిలో చిల్లరకి చెమట పట్టి ఉంటుంది.

పాత పోస్టాఫీసు దగ్గర మా ఇల్లు, మూడో అంతస్తు.
పోర్టులోంచి బొగ్గు పొడి ఎగిరొచ్చి
కిటికీ గట్టు మీద కూర్చుంటుంది.
తుడుస్తాను. సాయంత్రానికి మళ్ళీ.
తుడవడం మానేసిన ఇల్లు ఈ వీధిలో లేదు.

మొన్న వాయుగుండం రాత్రి
ఫోన్‌లోకి ఒక ఫొటో వచ్చింది.
బోర్లాపడిన బోటు, పక్కన తేలుతూ ఎర్ర బకెట్టు.
మన హార్బరుదే, ఏడుగురు గల్లంతు, అందరికీ పంపండి.
గుండె ఆగింది. వేలు ఆగలేదు.
ఎనిమిదో తరగతి తల్లులందరికీ పంపాను,
కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మ కూడా.

వాళ్ళలో పైడిరత్నం తల్లి ఉందని
పంపాక గుర్తొచ్చింది.

ఆవిడ రాత్రంతా జెట్టీ మీద కూర్చుందట.
గొడుగు పట్టినవాళ్ళని తోసేసిందట.
డాల్ఫిన్ నోస్ దీపం తిరిగినప్పుడల్లా
నీళ్ళ మీద ఒక గీత గీసి చెరిపేసిందట.
తెల్లారి ఏడింటికి బోటొచ్చింది.
ఏడుగురూ వచ్చారు, ఒకడికి జ్వరం.
ఐసులో నాలుగు కోనాలు.

చెంగల్రావుపేట వెళ్ళాను, ఏం చెప్పాలో తెలియక.
ఆవిడ రొయ్యల తలలు తీస్తోంది, చెయ్యి ఆపలేదు.
"ఎవులు సూసినారమ్మా?" అంది.
"ఫొటోలో..." అన్నాను.
"పొటో సంగతి కాదు. ఎవులు సూసినారు?
మా మావ ఏటకెల్లీముందు
గుప్పిడు ఇసక ఎగరేసి గాలి ఎటున్నాదో సూసీవోడు.
పంపీముందు నువ్వేటి ఎగరేసినావు?"
నా దగ్గర జవాబు లేదు.
తిరిగొస్తుంటే ఓ కవరులో రొయ్యలు పెట్టింది.
అది మరీ కష్టంగా ఉంది.

మర్నాడు రెండో పీరియడ్‌లో
లేఖారచన పాఠం తెరిచి, మూసేసి,
నేను చేసిన పని నలభై మందికీ చెప్పాను.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
"అయితే వార్తలు చూడకూడదా టీచర్?" అన్నాడు శరగడం లోహిత్.
చూడాలి, అన్నాను.
తరవాత వాక్యం దొరకలేదు.
సుద్దముక్క చేతిలో విరిగింది.
ఆ ఫొటో మరో దేశపు ఒడ్డుది,
తొమ్మిదేళ్ళ కిందటిది, అని మాత్రం చెప్పాను.

అప్పుడు పైడిరత్నం లేచింది.
ఇంకా నిద్ర తీరని కళ్ళు.
"మరి ఆ ఎర్ర బకెట్టోళ్ళు
ఇంటికెళ్ళినారా టీచర్?"

అబద్ధమని తేలగానే
నేను ఊపిరి పీల్చుకుని వదిలేసిన బోటు అది.
అది నిజంగానే మునిగింది.
మనది కాదు, అంతే.

ఆ రాత్రి పైకి తిప్పలేదు.
ఒక్క వార్త దగ్గరే కూర్చున్నాను,
రాని భాషలో, అనువాదం కుంటుతూ,
ఊరి పేరు దొరికింది, ఒడ్డున నిలబడ్డ ఒకావిడ వెనక భాగం,
తరవాత పేజీ లేదు.

ఇవాళ కూడా నాలుగున్నరకే లేచాను.
బాంబులూ బస్సులూ వరసలో నిలబడే ఉన్నాయి.
కిటికీ దగ్గరికెళ్ళి
గట్టు మీది నల్లపొడిలో వేలితో
బకెట్టు అని రాశాను.

ఇవాళ్టికి తుడవను.
పిల్ల అడుగుతుంది మళ్ళీ.