సున్నకు దుడ్లెందుకు

ముందు కడగాల.
రంపం మిషను వదిలిన బురద,
పాలిష్ చక్రం పూసిపోయిన మైనం,
లారీలో కింద పరిచిన వరిగడ్డి వాసన,
అన్నీ పోవాల.
సబ్బుతో ఒకసారి, ఉత్తనీళ్లతో రెండుసార్లు.
ఆనక ఎండకు నిలబెట్టాల.
తాడిపత్రిలో ఎండకేం కరువు?
అయినా నల్లరాయి గుట్టుది,
పైన చెయ్యి కాలుతాంటే
కింది అంచున ఇంకా తడి దాచుకొనుంటాది.

"ఆరినానని రాయి చెప్పదురా,
జిగురు చెప్తాది" అంటాడు మౌలాలన్న.
ఆరకముందే రబ్బరు అంటిస్తే
ఇసుక దాని కిందికి దూరి
అక్షరాల అంచులు కొరికేస్తాది.

సోమవారం పొద్దున
ఆరిన రాయిని పడుకోబెట్టి
స్పిరిటు గుడ్డతో ఒకే దిక్కుకు తుడిచినా.
ముందుకూ వెనక్కూ తుడిస్తే
మురికి ఊరు మారుతాది గానీ పోదు.
అప్పుడు ఆటో దిగింది ఆమె,
కొంగున ముడేసిన ఆధార్ జిరాక్సుతో.

సుంకన్న.
పుట్టింది జనవరి ఒకటి.
మా కాడికొచ్చే పేర్లల్లో సగం
జనవరి ఒకటినే పుట్టినాయి.
"ఆ పొద్దు పుట్టినాడని ఎవరు జూసినారు?
తేదీలొద్దు, పేరు చాలు" అనింది.

అక్షరానికి అరవై, ఒత్తులకు లెక్కలేదు.
ఆమె వేళ్లు మడుచుకుంది:
సు,
సున్న,
క,
న్న.
"సున్నకు గూడా దుడ్లా సామీ?
సున్నంటే ఏమీ లేనట్టే గదా!"
మౌలాలన్న నవ్వలేదు.
రసీదులో నాలుగు కొట్టేసి మూడు రాసినాడు.

పోతా పోతా ఆమె వంగి
రాతి మీద అరచెయ్యి ఆనించింది.
తలకు రాసుకున్న ఆముదం,
బస్టాండులో తిన్న బజ్జీల నూనె.
"ఎంత నున్నగుండాదో!
ఆయప్ప చేతులు శానా గరుకు" అనింది.
నూనె తగిలిన తావున రబ్బరు పట్టదని
ఆ మనిషికి ఎట్ల చెప్పేది?

ఆటో పోయినాక చూసినా.
నల్లటి మెరుపులో ఐదు వేళ్లు,
అరచేతి గీతలతో సహా,
ఏ ఉలికీ చేతగానంత సన్నంగా.
స్పిరిటు గుడ్డ భుజానేసుకొని
టీ తాగొచ్చినా.
కంప్రెసరుకు ఆయిలు పోసినా.
జల్లించిన ఇసుకనే మళ్లీ జల్లించినా.
తుడిచేది నా పని.
తుడిచినా.
రెండుసార్లు.

రబ్బరు పరిచి, రోలరుతో
నడిమినుంచి అంచులకు గాలి తోలినా.
తెలుగు అక్షరాలకు మూలలుండవు,
కత్తి పట్టిన మణికట్టు తిరగతానే ఉండాల.
కోసిన అక్షరాన్ని పెరికేస్తే
ఆ సందులోంచి రాయి తొంగి చూస్తాది.
ఇసుక తినేది ఆడనే.
సున్న కాడ మాత్రం భద్రం:
చుట్టూ వలయం పెరకాల,
పొట్టలో బిళ్ల నిలబడాల.
బిళ్ల పోయిందంటే
సున్న కాదది, గుంత.

ముక్కుకు నేను ఒక గుడ్డ కడతా,
మౌలాలన్న మూడు కడతాడు.
వాళ్ల తమ్ముడు కట్టేవాడు కాదు.
ఆ తమ్ముని రాయిని
కడగడం కాడినుంచి అన్నే చేసుకున్నాడు,
నన్ను బక్కెట్టు గూడా పట్టనీలేదు.

ఇసుక రొద ఆపి
రబ్బరు ఒలిచి చూస్తే
సు బాగుంది. క బాగుంది.
న్న ఒత్తు గూడా కత్తి గీసినట్టుంది.
సున్నలో బిళ్ల ఒక పక్క లేచినట్టుంది,
లోపల నెలవంకంత తెల్లటి మసక.
ఆమె చిటికెనవేలు ఆనిన తావు.

మౌలాలన్న అద్దాలు పైకెత్తి
శానాసేపు చూసినాడు.
"సరిగా తుడవలేదా?"
"తుడిచినా, రెండుసార్లు."
"ఊఁ" అన్నాడు.
బొటనవేలితో ఆ మసకను ఒకసారి తడిమి,
"పోనీలే, దానికి
దుడ్లు తీసుకోలేదు గదా" అన్నాడు.