రెండు మార్కుల ప్రశ్న

మార్కాపురంలో మా బడి గోడలు కూడా పలకరాయే.
వానొస్తే నల్లగా మెరుస్తాయి,
ఎవరో ఇప్పుడే తడిగుడ్డతో తుడిచినట్టు.

తొమ్మిదో తరగతి బి సెక్షన్.
హాజరు పిలుస్తూ "మస్తాన్" అనగానే ఇద్దరు లేస్తారు.
ఒకడు షేక్ మస్తాన్ వలి,
ఒకడు యక్కంటి మస్తాన్ రెడ్డి.
కసుమూరు దర్గాలో జేజి మొక్కుకుంటే పుట్టాడట వీడు.
"నా పేరు కాజేశావురా" అని వాడు.
"మా జేజి మేకపోతునిచ్చి కొన్నది" అని వీడు.
హాజరు అన్న మాట ఏ ఎడారి దాటి
ఈ పట్టీలోకి వచ్చిందో చెప్పబోయాను.
పోర్షన్ గుర్తొచ్చింది.

ఆ రోజు పాఠం: రాజులు, కోటలు, పన్నులు.
కుడుముల ఈదమ్మ, హాస్టల్ పిల్ల,
నల్లమల గూడెం నుంచి వచ్చి
ఏడాదంతా నోరు విప్పని పిల్ల, అడిగింది:
"మేడం, ఇందులో మావోళ్లు యాడుండారు?"

పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పాను.
అడవి ఉంది.
వేటకెళ్లిన రాజు ఉన్నాడు.
దారి చూపినవాడు లేడు.

అడక్కుండానే లేచాడు యెషయా:
"మా తాతకి తాత ధాత కరువులో కాలవ తవ్వాడంట మేడం.
కాలవుంది పుస్తకంలో. ఎవురూ తవ్వినట్టు లేదు."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు.
ఏ ఊరి పిల్లలో అ ఆలు దిద్దుకున్నారు
ఆయన చీల్చిన పలకల మీద.
ఆయన దగ్గు ఎవరూ రాసుకోలేదు.
గనిలో ఉలితో రాయిని తట్టేవాడు,
బలంగా కాదు,
పొరుగింటి తలుపు కొట్టినట్టు.
పొర విడేది. కింద ఇంకో పొర.
"అంతా ఒకటే పొరనుకోని కొడితే
మొత్తం పగిలిద్దమ్మా" అనేవాడు.
నాకప్పుడు అది రాళ్ల సంగతి.

ఏప్రిల్లో పేపర్లు దిద్దుతున్నాను.
"మీ ప్రాంత చరిత్రకు రెండు ఆధారాలు తెలపండి."
రెండు మార్కులు.
అందరూ శాసనాలు, నాణేలు;
మస్తాన్లిద్దరూ ఒకరిది చూసి ఒకరు
నాణేలను నానేలని రాశారు.

ఈదమ్మ రాసింది:
"ఒకటి, మా అవ్వ. ఏ చెట్టు బెరడు ఏ జరానికో
అవ్వకి తెలుసు. ఏ కొండకి ఎందుకా పేరో తెలుసు.
రెండు, అవ్వ మొన్న మాఘంలో చచ్చిపోయింది."

కీలో ఈ జవాబు లేదు.
ఫ్యాను కింద చాలాసేపు
ఎర్రపెన్ను మూత తీసి కూర్చున్నాను.

రెండు మార్కులూ వేశాను.
దోర్నాల దాకా బస్సుందట, ఆపైన నడకేనట.
హాజరు పట్టీ వెనక
ఆ బస్సు వేళ రాసుకున్నాను.