కీలు

మర్రిగూడ బస్టాండు పక్క
పంచర్ల దుకాణంల
ఈదయ్య చేపపిల్లను కడుతున్నడు.

పట్టుకారు నోట్లె గాలం.
మేకపోతు తోక వెంట్రుకలు చిటికెడు,
మీద, గట్టుప్పల మగ్గాల కింద ఏరుకొచ్చిన పట్టుపోగు
ఏడు చుట్లు. ఎనిమిదోది పంటితో గుంజి.
ఇది తోక.

ఇంకో గాలం. దీని వంపు కటింగ్ ప్లేరుతో తెంపిండు.
"రెండు ముండ్లెందుకురా, కొర్రమట్టకు ఒక్కటి సాలు."
దీనికి నాటుపుంజు మెడ ఈకలు,
ఎర్రయి, తడిస్తే నల్లబడేటియి.
ఇది తల.

నడుమ బ్రేకు వైరు పోగు.
రెండు పూసలు: ఒకటి నీలం,
ఇంకోటి ఏ రంగుదో ఇప్పుడు చెప్పలేం.
"ఈడ బిగిస్తే పుల్ల," అన్నడు.
"వదిలితే చేప."

నేను చూస్తున్నది ఆయన మెడను.
నా దిక్కు చూడాలంటే స్టూలు మొత్తం తిప్పుతడు.
ముప్పై ఏండ్లు బోరునీళ్లు తాగిన వెన్ను
చెలక గట్టున పాతిన కడీ లెక్క.
కిందవడ్డ పూస ఏరిచ్చింది నేనే.

ముడి మీద బిడ్డ గోళ్లరంగు చుక్క పెట్టి,
ఊది, ఆరినంక
పంచర్లు చూసే తొట్టిల వేసిండు.
నల్లటి నీళ్లల్ల, రబ్బరు పొట్టు నడుమ
దారం పట్టి మెల్లగ గుంజిండు.

తల ఇటు పోయె.
తోక జరసేపు ఆలోచించి
అటు పోయె.

"డిండిల పడ్తయా దీనికి?" అనడిగిన.
ఇనలేదు.
మళ్ల గుంజిండు. మళ్ల.

గాలి కొట్టించుకోను వచ్చిన పిలగాడు
సైకిలు పట్టుకొని
అట్లనే నిలబడ్డడు.